బలం మాత్రలు

“రేపు ఆసుపత్రికి నేనూ వస్తాను. ఆ సిస్టరమ్మని మొహం మీదే అడుగుతాను, మా ఇంట్లో సంగతులు మీకెందుకండీ అని” అంది చిన్నకూతురు.

పెద్దాయన బెంచీ మీది మెత్తను బోర్లా తిప్పి, రెక్సిన్ అంచుని బిగించి లాగి, మేకు మీద సుత్తి వేశాడు. మేకు వంకరపోయింది. దాన్ని పీకి పక్కన పడేసి ఇంకొకటి తీసుకున్నాడు.

“నీతోనే మాట్లాడుతున్నాను నాన్నా.”

“వింటున్నా.”

“వింటే చాలదు. పిల్లకి చెప్పనని చెప్పు.”

సుత్తి ఆగింది.

ఇద్దరూ గుసగుసగానే పోట్లాడుకుంటున్నారు. లోపలి గదిలో మంచం మీద చిన్నకూతురి చంటిది నిద్రపోతోంది. ముందు గది కిటికీ వీధిలోకి తెరిచి ఉంది. ఆ ముందు గదే ఆయన పనిచోటు. పాత సోఫాలకీ కుర్చీలకీ కొత్త గుడ్డ వేసే పని ఆయనది. స్ప్రింగులు, స్పాంజి ముక్కలు, కొబ్బరి పీచు, దబ్బనాలు, పురికొస ఉండలు. వాటి మధ్యలోంచి దారి చేసుకుని వెళితే వెనక కాపురం. అల్లుడు సిటీ బస్సులో కండక్టరు. పొద్దున అతను డ్యూటీకి గడప దాటేదాకా పంటి బిగువున ఆగింది చిన్నకూతురు. దాటగానే అందుకున్నది, సాయంత్రం కావస్తున్నా వదల్లేదు.

“వారం నుంచీ చూస్తున్నాను నిన్ను. దానివైపు చూడటం, గొంతు సవరించుకోవడం, మళ్ళీ తల వంచుకుని మేకులు ఏరుకోవడం. ఇవాళో రేపో కక్కేస్తావని నాకు తెలుసు.”

“గడువు రేపటితో సరి” అన్నాడు పెద్దాయన.

ఆ గడువు పెట్టింది సిస్టరమ్మ. కిందటి వారం మనవరాలు పిట్టని, పెద్దకూతురి బిడ్డని, బయట బల్ల మీద కూర్చోబెట్టి, ఆయన్ని ఒక్కడినే లోపలికి పిలిచింది. “తాతగారూ, పాప రక్తంలో వైరస్ మళ్ళీ పెరిగింది. మందు సరిగ్గా వేసుకోవడం లేదు. పదమూడేళ్ళొచ్చాయి, తనకి హెచ్.ఐ.వి. ఉందని తనకి ఇంకా తెలియదు. ఎందుకు మింగుతున్నామో తెలియని మందుని ఎవరు మాత్రం ఎన్నాళ్ళని మింగుతారు? వచ్చే వారానికల్లా మీరే చెప్పండి. మీవల్ల కాకపోతే ఇదే గదిలో మీ పక్కన కూర్చుని నేను చెప్తాను” అంది. ఆయన తలూపి వచ్చేశాడు. తలూపడం ఆయనకి తేలిక.

“రోజూ నువ్వే దగ్గరుండి మింగిస్తున్నావు కదా?” అంది కూతురు.

“మింగిస్తున్నా.”

“మరెలా పెరుగుతుంది? పరీక్షే తప్పయి ఉంటుంది. వాళ్ళ తప్పుకి నా కొంప కూలాలా?”

“నీ కొంపకేమైంది?”

“ఏమైందా! ఆయనకి తెలియదు నాన్నా. పెళ్ళికి ముందే చెప్పేద్దామన్నాను నేను. సమయం చూసి చెబుదాం అన్నావు నువ్వు. సమయం చూస్తూ చూస్తూ ఉండగానే నాకొక కూతురు కూడా పుట్టింది. ఇప్పుడు పిట్టకి తెలిస్తే ఆయనకి తెలిసినట్టే. దాని వాగుడంతా వాళ్ళ బాబాయితోనే కదా. ఇన్నాళ్ళు దాచారా అని ఆయన అడిగితే నేనేం మొహం పెట్టుకుని చూడాలి?”

పెద్దాయన మేకుని పెదాల మధ్య పెట్టుకున్నాడు. పనిలో అది అలవాటే. మాట్లాడకుండా ఉండటానికి కూడా పనికొస్తుంది.

“సరే, చెప్పావనుకో. అది మొదట అడిగేదేమిటో తెలుసా? అమ్మకి ఎలా వచ్చిందని. ఏం చెప్తావు?”

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది.

పెద్దకూతురు ఇదే ఇంట్లో, లోపలి గదిలో మంచాన పడి కన్నుమూసింది. పెద్దల్లుడు అంతకుముందే ఎటో వెళ్ళిపోయి మళ్ళీ కనపడలేదు. అడిగినవాళ్ళందరికీ కామెర్లని చెప్పాడు పెద్దాయన. ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో ఆయనకి ఇప్పటికీ తెలియదు. కూతురు పక్కన అన్నాళ్ళు కూర్చున్నాడు, కాళ్ళు పట్టాడు, నోట్లో నీళ్ళు పోశాడు. ఆ ఒక్క ప్రశ్న మాత్రం అడగలేదు. అడిగితే ఏం వినాల్సొస్తుందోనని భయం. కూతురిని అనుమానించానని ఆయన ఎవరితోనూ అనలేదు. కానీ అనుమానం లేనివాడు అడిగి ఉండేవాడు కదా!

లోపల చంటిది లేచి ఏడుపు అందుకుంది. కూతురు వెళ్ళి ఎత్తుకుని వచ్చింది. కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ, మామూలు గొంతుతో, అలవాటుగా అనేసింది:

“పిట్ట వచ్చే వేళయింది. రాగానే పాపని దాని చేతికిచ్చెయ్యకు. మళ్ళీ నీళ్ళు కాచి స్నానం చేయించే పని నాకు.”

అన్నాక తెలిసింది ఏమన్నదో. నాలుక కరుచుకుంది.

పిట్ట ఎత్తుకున్న ప్రతిసారీ చిన్నకూతురు చంటిదానికి స్నానం చేయిస్తుందన్న సంగతి పెద్దాయన గమనించకపోలేదు. గమనించి, చూడనట్టు ఊరుకున్నాడు. ఆమెకీ తెలుసు, ఆయన చూశాడని. ఇంతకాలం ఇద్దరి మధ్యా పైకి రాకుండా ఉన్న ఆ సంగతి ఇప్పుడు వచ్చి మధ్యలో కూర్చుంది.

“ఏం చెయ్యను నాన్నా” అంది కూతురు, నేలచూపులు చూస్తూ. “అలా రాదని నాకు తెలుసు. సిస్టరమ్మ చెప్పింది. తెలిసినా నా చేతులు ఊరుకోవు.”

ఆయన మళ్ళీ సుత్తి అందుకున్నాడు.

పిట్ట బడి నుంచి వచ్చేసరికి ఇల్లు ఇల్లులాగే ఉంది. గొడవలు పడి, అంతలోనే సర్దేసి కూర్చోవడంలో ఆ తండ్రీకూతుళ్ళకి బాగా చేయి తిరిగింది.

ఆ వెనకే కండక్టరు దిగాడు. “జరగండి, జరగండి, లోపలంతా ఖాళీయే, ముందుకు జరగండి!” అంటూ సోఫాల మధ్యలోంచి ఒంటికాలి మీద దారి చేసుకుని వచ్చాడు. “మామయ్యా, మా బస్సే నయమండీ. అక్కడ మనుషులే తొక్కుతారు. ఇక్కడ స్ప్రింగులు పొడుస్తున్నాయి.”

“టికెట్ తీసుకోకుండా ఎక్కావు బాబాయీ, ఫైను కట్టు” అంది పిట్ట.

“స్టాఫునే! స్టాఫుని పట్టుకుని టికెట్ అడుగుతావా పిట్టా! అందుకే నువ్వు చెకింగు ఇన్స్‌పెక్టరువి కాలేవు. పోయి టీ పెట్టు.”

తిండి తినమంటే గింజలు ఏరుకున్నట్టు తింటుందని, పెళ్ళయి ఈ ఇంటికొచ్చిన మొదటి రోజే ఆ పేరు పెట్టింది అతనే. సాయంత్రం టీ మాత్రం పిట్టే పెడుతుంది. ఇంకెవర్నీ పొయ్యి దగ్గరికి రానివ్వదు. ఎండాకాలం సెలవుల నుంచి ఇదొక పంతంగా పెట్టుకుంది.

పళ్ళెంలో గ్లాసులు పెట్టుకుని వచ్చింది. అంచు నొక్కుకుపోయిన స్టీలు గ్లాసు తాతయ్యది. దాన్ని తనే తీసి ఆయన చేతికి ఇవ్వబోతుంటే కండక్టరు మధ్యలో అడ్డం పడి లాక్కున్నాడు.

“ఏమే, తాతయ్యకి నిండుగా, బాబాయికి సగమా? సంపాదించుకొచ్చేవాడికి ఇదా మర్యాద?” అని ఒక గుక్క వేశాడు. వెంటనే మొహం ముడుచుకుపోయింది. “అబ్బా! ఇదేం టీయే తల్లీ, చేదు విషం!”

“అది నీది కాదు!”

పిట్ట అరిచిన అరుపుకి చంటిది ఉలిక్కిపడింది. పళ్ళెం కింద పెట్టేసి, రెండు చేతులతో గ్లాసు గుంజుకుంది పిల్ల. టీ సగం ఆమె గౌను మీద ఒలికింది.

“నువ్వు తాగకూడదు. అది తాతయ్యది. తాతయ్యదే!”

“ఏం కలిపావే అందులో?” అన్నాడు కండక్టరు, ఇంకా నవ్వుతూనే.

పిల్ల గ్లాసులోకి చూస్తూ నిలబడింది. పెద్దాయన లేచి ఆమె చేతిలోంచి గ్లాసు తీసుకున్నాడు. అడుగున, కరగని పొడి మీద, లేత పసుపు రంగు పెచ్చు ఒకటి తేలుతోంది. ఆ రంగు ఆయనకి బాగా తెలుసు. రోజూ భోజనాలయ్యాక సీసా వంచి, తన అరచేతిలో వేసుకుని, ఆ చేతిని పిల్ల ముందు చాపేది ఆయనే.

కొన్నాళ్ళుగా టీ చేదుగానే ఉంటోంది. వయసు పైబడి నాలుక చెడిందనుకున్నాడు. పిల్ల ముచ్చటపడి పెడుతున్న టీకి వంకలెందుకని ఒక్క మాట అనలేదు. ఒక్క మాట అని ఉంటే?

“నా కీళ్ళ మందు” అన్నాడు అల్లుడితో. “టీలో వెయ్యమని నేనే చెప్పా.”

ఏళ్ళ తరబడి ప్రతి మాటకీ తడుముకునే నోరు, అబద్ధానికి మాత్రం ఎంత చురుగ్గా తెరుచుకుందో!

“కీళ్ళ మందా! అయితే రేపటినుంచి నేను బస్సు వెనకాల పరిగెత్తి డ్యూటీ చేస్తానన్నమాట” అని కండక్టరు కూతుర్ని ఎత్తుకుని లోపలికి పోయాడు.

పిట్ట తాతయ్య వైపు చూసింది. భలే కాపాడావు అన్నట్టు, తోడుదొంగని చూసినట్టు చూసి, ఎవరికీ కనపడకుండా కన్నుగొట్టింది.

 తలుపు దగ్గర నిలబడ్డ చిన్నకూతురు ఆయన చేతిలోని గ్లాసునీ ఆయన మొహాన్నీ మార్చి మార్చి చూసింది. ఆమెకీ అర్థమైనట్టుంది. చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“పిట్టా” అన్నాడు ఆయన. “మెత్త సెలూనులో ఇచ్చిరావాలి. ఒక చెయ్యి వెయ్యి.”

“నాన్నా!” అంది కూతురు.

ఆయన వెనక్కి తిరగలేదు.

వీధి చివర సెలూనులో జనం కూర్చునే బెంచీకి పరిచే మెత్త అది. పొడవైనది. ముందు కొస ఒకరు, వెనక కొస ఒకరు పట్టుకుంటే తప్ప కదలదు. ముందు ఆయన నడిచాడు, వెనక పిట్ట. ఆయన అలా కావాలనే పెట్టుకున్నాడు. ముందు నడిచేవాడికి వెనకవాళ్ళ మొహం కనపడదు. మొహం కనపడకపోతే చెప్పగలననుకున్నాడు.

కిరాణా కొట్టు దాటారు. ఇస్త్రీ బండి దాటారు.

“ఎప్పటినుంచి?” అన్నాడు, ముందుకే చూస్తూ.

“ఏంటి?”

“టీలో.”

వెనక నుంచి నవ్వు వినపడింది. “కనిపెట్టేశావా! సెలవులప్పటి నుంచి. ఒక రోజు నాకు, ఒక రోజు నీకు. నీ చేతులు వణుకుతున్నాయి కదా తాతయ్యా. దబ్బనంలో పురికొస ఎక్కించలేక కిటికీ దగ్గరికెళ్ళి అటు తిరిగి కూర్చుంటావు, ఎవరూ చూడకూడదని. నేను చూశాను. నాకు బలం చాలానే ఉంది. మా క్లాసులో పరుగులో నేనే ఫస్టు. మరి బలం మాత్ర ఎవరికి కావాలి? నాకా, నీకా?”

బలం మాత్ర. ఆ పేరు పెట్టింది ఆయనే. చిన్నప్పుడు మింగనని మారాం చేస్తే, ఇది మింగితే నాలాగా సోఫా ఒంటిచేత్తో ఎత్తేస్తావు అన్నాడు. సీసా మీది కాగితాన్ని రెక్సిన్ కోసే చాకుతో గీకి పారేశాడు. పిల్ల నమ్మింది. ఎంతగా నమ్మిందంటే, తన బలం తీసి ఆయనకి పోసింది.

“నా ఎదురుగానే కదా మింగేదానివి?”

“మింగినట్టు చేసేదాన్ని. నాలిక కింద పెట్టుకుని నీళ్ళు తాగేదాన్ని. నువ్వు నీళ్ళు తాగానా లేదా అనే చూస్తావు, నోట్లోకి చూడవు కదా. తర్వాత తీసి ఆరబెట్టి, నీ సుత్తితోనే పొడి చేసేదాన్ని.” కాస్త ఆగింది. “తగ్గింది కదా తాతయ్యా, వణుకు?”

ఆయనకి తగ్గిందమ్మా అందామనిపించింది. అంత తేలిగ్గా వచ్చేస్తోంది ఆ మాట.

“తగ్గలేదు” అన్నాడు. “తగ్గదు. అవి బలం మాత్రలు కావు.”

“మరి?”

“జబ్బుకి మందు.”

“ఎవరికి జబ్బు?”

ఎదురుగా సైకిలు వస్తోంది. అది దాటేదాకా ఆగాడు. దాటిపోయింది. ఇంకేదైనా వస్తే బాగుండునని వీధి చివరిదాకా చూశాడు. ఏమీ రాలేదు.

“నీకు.”

“నాకేం జబ్బు? బానే ఉన్నాగా.”

“ఆ మందు వల్లే బాగున్నావు. అది మానితే బాగోవు. సిస్టరమ్మ రక్తం తీసింది చూడు, అందులో తెలిసింది, మానుతున్నావని.”

“ఏం జబ్బు తాతయ్యా?”

పెద్దకూతురు పోయిన రోజు కూడా ఆయన ఆ మాట పైకి అనలేదు. డాక్టర్లు అంటే తలూపాడు. సిస్టరమ్మ అంటే తలూపాడు. ఇవాళ ఊపడానికి తల పనికిరాదు, వెనకనున్న పిల్లకి కనపడదు.

“హెచ్.ఐ.వి.” అన్నాడు.

మెత్త వెనక కొస ఆగిపోయింది. లాగబోయాడు. రాలేదు. రెక్సిన్ గుండా, స్పాంజి గుండా, చెక్క గుండా సన్నటి వణుకు ఒకటి పాకి వచ్చి ఆయన వేళ్ళకి తగిలింది. ఆ వణుకు ఆయన చేతులది కాదు.

తర్వాత ఆ కొస ధబ్బున నేల మీద పడింది.

అప్పుడు తిరిగి చూశాడు. పిల్ల మొహం చూశాక, ఈ మాటని వీపు పెట్టి చెప్పినందుకు ఆయనకి సిగ్గుతో ఒళ్ళంతా చచ్చిపోయినట్టయింది. ఎదురుగా కూర్చోబెట్టుకుని, చెయ్యి పట్టుకుని చెప్పాల్సిన మాట. బరువు మోయిస్తూ చెప్పాడు.

“మా క్లాసులో...” అంది పిట్ట. గొంతు పిల్ల గొంతులా లేదు. “ఎవరైనా పక్కవాళ్ళ పెన్ను నోట్లో పెట్టుకుంటే ఎయిడ్స్, ఎయిడ్స్ అని ఏడిపిస్తారు. నేనూ అన్నాను ఒకమ్మాయిని. ఆ అమ్మాయి ఏడ్చింది.”

“పిట్టా...”

“అమ్మకి కామెర్లని చెప్పావు.”

“చెప్పాను. కాదు. అమ్మకీ ఇదే. నువ్వు పుట్టేటప్పుడు అమ్మ నుంచి నీకొచ్చింది. నీ తప్పేం లేదు. మీ అమ్మ తప్పు...”

అక్కడ ఆగిపోయాడు. ‘లేదు’ అనే మాట రావాలి. వచ్చేలోపు ఒక్క క్షణం ఆలస్యమైంది. వచ్చింది గానీ, ఆ ఆలస్యాన్ని పిల్ల చూసేసింది.

“నేను చచ్చిపోతానా, అమ్మలాగా?”

“చావవు.” ఈసారి ఆలస్యం కాలేదు. “అమ్మ చెప్పుకోలేదు, మందు మొదలుపెట్టేసరికి పొద్దుపోయింది. నువ్వు చిన్నప్పటినుంచి వేసుకుంటున్నావు. రోజూ వేసుకుంటే అది లోపల పడి ఉంటుందంతే. చదువుకుంటావు, ఉద్యోగం చేస్తావు, పిల్లల్ని కంటావు. సిస్టరమ్మ చెప్పింది. రేపు తనే అన్నీ చెప్తుంది నీకు.”

అన్ని మాటలు ఒక్కసారిగా ఆ మనిషి నోట్లోంచి రావడం పిట్ట ఎప్పుడూ వినలేదు. అయినా ఆమె వినడం లేదు. వేళ్ళతో పెదాలు తడుముకుంటోంది. నాలిక కింద ఏదో వెతుక్కుంటున్నట్టుంది మొహం.

“ఆ మాత్ర నా నోట్లోది” అంది. “నా ఉమ్ము. అదే నీకు ఇన్నాళ్ళూ... అదే బాబాయి ఇందాక...”

“అలా రాదు పిట్టా. ఉమ్ముతో రాదు. ఒకే గ్లాసులో తాగితే రాదు. ముట్టుకుంటే రాదు, ఎత్తుకుంటే రాదు.”

“మరి నేను ఎత్తుకున్నాక పిన్ని పాపకి స్నానం ఎందుకు చేయిస్తుంది?”

ఆయన నోరు తెరిచాడు. ఏమీ రాలేదు.

“నేను శుభ్రంగా ఉండననుకునేదాన్ని. రోజూ సబ్బుతో చేతులు తోముకుని ఎత్తుకునేదాన్ని. అయినా చేయించేది.” పిల్ల వెనక్కి ఒక అడుగు వేసింది. “నువ్వు అబద్ధాలు చెప్తావు తాతయ్యా. అమ్మవి కామెర్లన్నావు, నావి బలం మాత్రలన్నావు. ఇందాక బాబాయికి కీళ్ళ మందని చెప్పావు. ఎంత బాగా చెప్పావు! ఇది కూడా అలాగే చెప్తున్నావు.”

“ఇది నిజం తల్లీ!”

“నాకెలా తెలుస్తుంది?” అని, పిట్ట వెనక్కి తిరిగి ఇంటివైపు పరిగెత్తింది.

పరుగులో ఫస్టు అన్నది నిజమే. అప్పుడే ఇస్త్రీ బండి దాటేసింది.

పని అప్పజెప్పకుండా సగంలో వదిలేసిన రోజు పెద్దాయన బతుకులో లేదు. ఆ మెత్తను నడివీధిలో అలాగే వదిలేశాడు. ఎవరో “ఏవండీ, మీ సామానూ!” అని పిలుస్తున్నా వినకుండా ఇంటివైపు నడిచాడు. పరిగెత్తాలని చూశాడు గానీ మోకాళ్ళు వినలేదు. ఈ ముసలి ఒంటికి బలం రావాలనే కదా పిల్ల ఇంత చేసింది అనుకుంటే కళ్ళ ముందు దారి మసకబారింది.

వీధి గుమ్మంలోకి వచ్చేసరికే పిట్ట మాటలు వినపడుతున్నాయి. సోఫాలన్నీ దాటి, లోపలి గది గుమ్మంలో నిలబడి ఉంది. లోపల నేల మీద కూర్చుని, చంటిదాన్ని మోకాళ్ళ మీద ఊపుతూ బస్సాట ఆడిస్తున్నాడు కండక్టరు.

“నోరు కడుక్కో బాబాయీ. బాగా పుక్కిలించి ఉమ్మెయ్. ఇప్పుడే!”

“ఏమైందే? ఆ చేదు ఎప్పుడో పోయింది.”

“నాకు హెచ్.ఐ.వి. ఉంది. ఆ టీలో నా ఎంగిలి ఉంది. నాకు తెలియదు బాబాయీ, ఒట్టు, తెలిస్తే ఇవ్వను. నువ్వే లాక్కున్నావు.”

పొయ్యి దగ్గర గిన్నె చప్పుడు ఆగిపోయింది. మోకాళ్ళ మీది బస్సు ఆగిపోయింది.

“పిచ్చిపిచ్చిగా వాగకు!” అంటూ చిన్నకూతురు ముందుకొచ్చింది. మొహంలో నెత్తురు చుక్క లేదు. “బళ్ళో ఎవరో ఏదో అని ఉంటారండీ. దీనికి చెప్పిందల్లా నిజమే అనిపిస్తుంది. అంతే కదా నాన్నా? ఎవరో ఆటపట్టించారు కదా? చెప్పు నాన్నా.”

అప్పుడే వచ్చి పిట్ట వెనక నిలబడిన తండ్రికి ఆ అబద్ధాన్ని తయారుగా అందించింది. ఆయన చెయ్యాల్సిందల్లా తలూపడమే.

“ఏంటి మామయ్యా ఇదంతా?” అన్నాడు కండక్టరు. జోకు లేకుండా అతను మాట్లాడగా ఆ ఇంట్లో ఎవరూ వినలేదు.

పిట్ట మెడ తిప్పి తాతయ్య వైపు చూసింది. ఇన్నాళ్ళూ ఆయన ఆ పిల్ల నోట్లోకి చూడలేదు. ఇప్పుడు పిల్ల ఆయన నోటివైపే చూస్తోంది.

చిన్నకూతురు కళ్ళు ఆయన్ని బతిమాలుతున్నాయి. ఆ కళ్ళు వాళ్ళ అక్కవే.

“పిల్ల చెప్పింది నిజం” అన్నాడు పెద్దాయన.

చిన్నకూతురు గోడకి జారబడి కూర్చుండిపోయింది.

“కీళ్ళ మందన్నది అబద్ధం. దాని తల్లికి కామెర్లన్నదీ అబద్ధం. మీకు పెళ్ళికి ముందే చెప్పాల్సింది బాబూ. అమ్మాయి చెబుదామంది. వద్దన్నది నేను.” ఊపిరి అందక గుమ్మం చెక్క పట్టుకున్నాడు. “టీ వల్ల మీకేమీ రాదు. ఇది మాత్రం...”

ఇది మాత్రం నిజం అనబోయి ఆగిపోయాడు. ఆ మాట ఆయన నోట ఎవరు నమ్ముతారు?

కండక్టరు అరవలేదు. భార్య వైపు చూశాడు, చాలాసేపు. ఆమె తలెత్తలేదు. తర్వాత చంటిదాన్ని భుజాన వేసుకుని మెల్లగా లేచి నిలబడ్డాడు.

చంటిదానికి ఇవన్నీ ఏం తెలుసు? గుమ్మంలో పిట్ట కనపడగానే రోజూలాగే కేరింత కొట్టి, నాన్న భుజం మీంచి వంగి, రెండు చేతులూ ఆమె వైపు చాపింది.

పిట్ట తన చేతులు వెనక్కి పెట్టుకుంది. ఒక చెయ్యి ఇంకో చేతిని గట్టిగా పట్టుకుని ఉండటం, వెనకనున్న తాతయ్యకి మాత్రం కనపడింది.

కండక్టరు కదిలాడు. వీధిలోకి పోవాలన్నా ఈ లోపలి గది గుమ్మం దాటాల్సిందే. పిట్ట నిలబడి ఉన్నదీ ఆ గుమ్మంలోనే. అతను బిడ్డతో వీధిలోకి నడుస్తున్నాడో, పిల్ల దగ్గరికి నడుస్తున్నాడో, మొదటి అడుగు చూసి చెప్పడం ఎవరికీ సాధ్యం కాలేదు.